గిఫ్ట్: కానుకా? కల్యాణమా? కాలకూటమా?

ఇంగ్లీషు మాట్లాడే దేశంలో ఎవరి చేతిలోనైనా ‘గిఫ్ట్’ పెడితే వాళ్ల ముఖం వెలుగుతుంది. డెన్మార్కులో అదే మాట ఒక సీసా మీద కనబడితే దాన్ని పిల్లలకు అందని అటక మీద పెడతారు. అదే డెన్మార్కులో అదే మాట ఒక దరఖాస్తు ఫారం మీద కనబడితే పక్క గడిలో టిక్కు పెట్టి, ఇంటికి పోయి భార్యతో కలిసి భోంచేస్తారు. అక్షరాలు అవే నాలుగు. ఇంగ్లీషులో దాని అర్థం కానుక. డేనిష్‌లో నామవాచకమైతే విషం, విశేషణమైతే ‘పెళ్లయిన’.

డేనిష్ వాళ్లు కొత్తగా పరిచయమైన మనిషిని ‘ఎర్ దు గిఫ్ట్?’ అని అడిగితే ‘నీకు పెళ్లయిందా?’ అని. పెళ్లి కానివాడు ‘ఊగిఫ్ట్’. విషపూరితమైనది ‘గిఫ్టి’. ఎలుకల మందు ‘రోటెగిఫ్ట్’. కోపెన్‌హాగన్‌లో బిస్పెబియెర్ ఆసుపత్రి వాళ్లు నడిపే ఒక టెలిఫోను సేవ ఉంది, దాని పేరు ‘గిఫ్ట్‌లిన్యెన్’. ఇంగ్లీషు చదివిన మనవాడు ఆ పేరు చూస్తే పండగ కానుకలు ఇంటికి పంపే కంపెనీ అనుకుంటాడు. అది పొరపాటున ఏదైనా విషం మింగినవాళ్లకు సలహా చెప్పే సేవ. మరి మనం ఇచ్చే కానుకను వాళ్లు ఏమంటారంటే ‘గేవె’ అంటారు. ఇవ్వడమనే అర్థమున్న క్రియ నుంచే అదీ పుట్టింది.

పెళ్లికీ విషానికీ ఒకటే మాట అని తెలియగానే ఏ హాస్టలు గదిలోనైనా ఎలాంటి జోకు పేలుతుందో చెప్పనక్కరలేదు. ఆ జోకు డేనిష్ వాళ్లకూ పాతదేనట. నాకు మాత్రం అది చౌకబారుగా తోస్తుంది. ఎందుకంటే ఆ చురక ఎప్పుడూ ఇంటి ఇల్లాలి మీదికే పోతుంది. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కాస్త తవ్వి చూస్తే చురక ఎవరికి తగలాలో వేరే తెలుస్తుంది.

రెండు అర్థాలకూ మూలం ఒకటే, ‘ఇవ్వడం’. డేనిష్‌లో ‘గిఫ్టె’ అన్న పాత క్రియకు అర్థం ‘పిల్లను ఇచ్చి పెళ్లి చేయడం’. అంటే ‘గిఫ్ట్’ అంటే ‘ఇవ్వబడినది’. దీన్ని ఇంగ్లీషులో వివరించాలంటే నాలుగు వాక్యాలు కావాలి. తెలుగువాడికి ఒక్క ముక్క చాలు. మన ఊళ్లలో ‘పెద్దమ్మాయిని ఏ ఊరిచ్చారు?’ అనే గదా అడుగుతారు. ‘పిల్లనిచ్చిన మామ’ అంటాం. ఆడపిల్లను ‘ఇస్తారు’, మగవాడు ‘చేసుకుంటాడు’. ‘మా అబ్బాయిని ఫలానా ఊరిచ్చాం’ అని ఎవరైనా అంటే, ఇల్లరికం పంపారా అని నవ్వుతారు. పాత నార్స్ భాషలో కూడా సరిగ్గా ఇదే తేడా ఉండేది. పెళ్లయిన ఆడదాన్ని ‘ఇవ్వబడినది’ అనేవారు. మగవాడికి ఆ మాట వాడేవారు కారు. అతనికి ‘స్త్రీని పొందినవాడు’ అనే అర్థంలో వేరే మాట ఉండేది. తర్వాత కాలంలో డేనిష్‌లో ఆ వేరే మాట పోయి మగవాడు కూడా ‘గిఫ్ట్’ అయ్యాడు. ఈనాడు అక్కడ భార్యా గిఫ్టే, భర్తా గిఫ్టే. మాటలోనైనా సమానత్వం వచ్చింది. మన దగ్గర ఇంకా ‘ఇచ్చాం’, ‘చేసుకున్నాం’ అలాగే ఉన్నాయి.

ఇక ఇంగ్లీషు సంగతి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కూడా ఈ మాట ఉంది. కానీ దాన్ని ‘యిఫ్ట్’ అని పలికేవారు. దాని అర్థం పుట్టినరోజు కానుక కాదు. పెళ్లికూతురి కోసం మగపెళ్లివారు చెల్లించే వెల. బహువచనంలో వాడితే పెళ్లి. అంటే గురజాడ అప్పారావుగారు 1892లో ఆడించి 1897లో అచ్చు వేయించిన నాటకం పేరును పాత ఇంగ్లీషులోకి మార్చాలంటే ‘యిఫ్ట్’ అన్న ఒక్క మాట సరిపోయేది!

ఆ ‘య’ ‘గ’గా మారింది ఇంగ్లీషువాళ్ల ఇష్టంతో కాదు. తొమ్మిదో శతాబ్దంలో డెన్మార్కు వైపు నుంచి పడవల్లో వచ్చిన వైకింగులు ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాలు ఆక్రమించారు. 878లో ఆల్ఫ్రెడ్ రాజు వాళ్లను ఎడింగ్టన్ దగ్గర ఓడించినా పూర్తిగా వెళ్లగొట్టలేకపోయాడు. వాళ్లు అక్కడే పొలాలు దున్నుకుని స్థిరపడిపోయారు. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ అని ‘బీ’తో ముగిసే ఊళ్ల పేర్లు వాళ్లవే, ‘బ్యూ’ అంటే ఈనాటికీ డేనిష్‌లో ఊరు. 1016లో ఏకంగా డేనిష్ రాకుమారుడు క్నూట్ ఇంగ్లండుకు రాజయ్యాడు. ఇరుగుపొరుగున ఉన్న ఆ రెండు జాతుల రైతులు గొడ్లూ గింజలూ మార్చుకుంటూ మాటలూ మార్చుకున్నారు. ఆకాశానికి స్కై, కత్తికి నైఫ్, గుడ్డుకు ఎగ్, చివరకు ‘వాళ్లు’ అనడానికి దే, ఇవన్నీ ఆ లావాదేవీలో వచ్చినవే. ఇవ్వడం అనే క్రియలో ‘గ’ శబ్దం, ‘గిఫ్ట్’లో ‘గ’ శబ్దం కూడా అలాగే వచ్చాయి. వెల అనే అర్థం వెనక్కి పోయింది. ఉచితంగా ఇచ్చేది అనే అర్థం నిలిచింది. ఈనాడు ఇంగ్లీషువాడు ప్రేమగా ఇచ్చే గిఫ్టులో మొదటి అక్షరం ఉచ్చారణ, కత్తులతో వచ్చినవాళ్లు పెట్టినదన్నమాట.

మరి విషం ఎక్కడ నుంచి దూరింది? అది జర్మన్ భాష నుంచి డేనిష్‌లోకి వచ్చింది. జర్మన్‌లో కూడా గిఫ్ట్ అంటే మొదట ఇవ్వడమే. వైద్యుల వల్ల దాని నడక మారింది. గ్రీకులో ‘దోసిస్’ అంటే ఇచ్చేది, అంటే వైద్యుడు ఒకసారికి ఇచ్చే మోతాదు. మన డాక్టర్లు ‘డోసు’ అనేది అదే. దాని నమూనాలో జర్మన్‌వాళ్లు తమ ‘గిఫ్ట్’ను మోతాదుకు వాడారు. తర్వాత విషం అని నోటితో అనలేని సందర్భాల్లో ‘అతనికి ఇచ్చారు’ అని ఊరుకున్నారు. బియ్యం అయిపోతే మనింట్లో ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటారు. పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. ఇదీ అలాంటిదే. కానీ ఇలాంటి ముసుగు మాటలకు ఒక జబ్బుంది. కొన్నాళ్లు కప్పగా కప్పగా ముసుగే ముఖమైపోతుంది. జర్మన్‌లోనూ డేనిష్‌లోనూ గిఫ్ట్ అనే మర్యాద మాట పూర్తిగా విషమైపోయి, కానుకకు పనికిరాకుండా పోయింది.

ఇక్కడ ఒక తమాషా. గ్రీకు ‘దోసిస్’లో ఉన్న ‘దో’, మన సంస్కృతం ‘దానం’లో ఉన్న ‘దా’ ఒకే ధాతువు. లాటిన్‌లో ‘దోస్’ అంటే అరణం, కట్నం. ఇంగ్లీషు ‘డౌరీ’ అందులోంచి వచ్చింది. విరుగుడుకు ఇంగ్లీషులో ‘యాంటీడోట్’ అంటారు, ‘ఎదురుగా ఇచ్చేది’ అని. అంటే డోసు, డొనేషను, డౌరీ, యాంటీడోట్, కన్యాదానంలోని దానం అన్నీ ఒక తల్లి పిల్లలే. డేనిష్‌లోనేమో విరుగుడు ‘మోద్‌గిఫ్ట్’, కట్నం ‘మెద్‌గిఫ్ట్’. ఒక్క అచ్చు తేడా! కంపోజిటరు నిద్రమత్తులో ఉంటే పాముకాటు రోగికి కట్నం ఎక్కించాల్సి వస్తుంది.

ఈ గిఫ్టు చిక్కును ఊరికే వదిలిపెట్టని పండితుడు ఒకడున్నాడు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1924లో ఈ మాట పేరునే రెండుసార్లు శీర్షికగా పెట్టి చిన్న వ్యాసం రాశాడు. ప్రాచీన జర్మనిక్ జాతుల్లో కానుకంటే ముఖ్యంగా అందరూ కలిసి తాగే పానీయం. చేతికిచ్చిన పాత్రలో ఉన్నది మధువో విషమో తాగేదాకా తెలియదు. అంచేత ఒకే మాటలో రెండూ ఇమిడాయంటాడు. అంతకంటే ముఖ్యమైనది, పుచ్చుకున్నవాడు కట్టుబడిపోతాడని చెప్పడం. తరువాత కానుక మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఆయన మన మహాభారతం అనుశాసన పర్వంలోని దానధర్మాలను కూడా పరిశీలించాడు. దానం పట్టడం ప్రమాదమని మన పెద్దలకూ తెలుసు. శనిదానం పట్టడానికి ఈనాటికీ జనం జంకుతారు గదా.

పుచ్చుకున్నవాడు కట్టుబడతాడన్న మోస్ సూత్రం ఒక్కచోట మాత్రం మన దగ్గర తలకిందులవుతుంది. కట్నం పుచ్చుకున్నవాడు దేనికీ కట్టుబడడు. ఇచ్చినవాడే బతికినంతకాలం పండగ పండగకూ కట్టుబడి ఉంటాడు. పిల్లనిచ్చి, డబ్బిచ్చి, ఆపైన చేతులు కట్టుకుని నిలబడతాడు. ‘కట్నం’ అన్న మాట కూడా నిజానికి మర్యాద మాటే. పెళ్లి పందిట్లో చుట్టపక్కాలు చదివించేదీ కట్నమే. అందులో బలవంతమేమీ లేదు. ఆ మంచి మాటను తీసుకుపోయి ఒక బేరానికి తొడిగారు. ఆ తొడుగూ మాసిపోయాక ఇప్పుడు దాన్నీ వదిలేసి ‘మాకు కట్నం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం గిఫ్టు ఇచ్చుకుంటారో మీ ఇష్టం’ అంటున్నారు. ఆ ‘మీ ఇష్టం’లో ఎన్ని ఎకరాలు ఉంటాయో పెళ్లిళ్ల పేరయ్యకు తెలుసు.

చట్టం మాత్రం ఈ రెంటినీ వేరు చేసే ప్రయత్నం చేసింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షను ప్రకారం, ఇష్టపూర్వకంగా ప్రతిఫలం లేకుండా ఇస్తేనే గిఫ్టు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అడగకుండా, ఆచారం ప్రకారం, తాహతుకు మించకుండా ఇచ్చిన కానుకలకు అందులో మినహాయింపు ఉంది. కాకపోతే వాటి జాబితా రాసి పెట్టాలి. 1985లో దానికి ప్రత్యేకంగా నిబంధనలు చేశారు. వధూవరులు ఆ జాబితా రాసి సంతకాలు చేసిన పెళ్లి ఒక్కటైనా చూశామని చెప్పగల మిత్రులు ఎవరైనా ఈ సంచిక పాఠకుల్లో ఉంటే నాకు చూడాలని ఉంది. భోజనాల దగ్గర ఎంతమంది తిన్నారో లెక్క రాస్తారు గాని, ఇది మాత్రం రాయరు. రాస్తే అది గిఫ్టు కాదని తేలిపోతుంది. డెన్మార్కులో ‘మెద్‌గిఫ్ట్’ ఆచారం పోయింది, మాట నిఘంటువులో మిగిలింది. ఇక్కడ ఆ మాటకు చట్టంలో నిషేధం ఉంది, ఆచారం పందిట్లో కూర్చుంది.

నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. అందువల్ల గిఫ్ట్ అన్న మాటకు డేనిష్‌లో ఉన్న ఇంకొక సమాసం నన్ను ఎక్కువగా పట్టుకుంది. పొలాల్లో పురుగుల మీద, కలుపు మీద కొట్టే రసాయనాన్ని అక్కడి జనం ‘స్ప్రోయ్‌టెగిఫ్ట్’ అంటారు. ‘స్ప్రోయ్‌టె’ అంటే పిచికారీ. కలిపి చదివితే పిచికారీ విషం. పత్రికల్లో అదే మాట, ఎన్నికల ఉపన్యాసాల్లో అదే మాట. అక్కడి రైతు సంఘాలకూ కంపెనీలకూ ఆ మాట గిట్టదు. వాళ్లు ‘మొక్కల రక్షణ సాధనాలు’ అనే అర్థమొచ్చే పొడుగాటి సమాసం వాడతారు. మన వ్యవసాయ శాఖ భాషలో చెప్పాలంటే సస్యరక్షణ. ఈ రెండు మాటల మధ్య అక్కడ నిజంగా రాజకీయం నడుస్తుంది. ఏ మాట వాడాడో చూసి మనిషి ఏ పక్షమో చెప్పేయవచ్చు.

ఆ గొడవకు కారణం లేకపోలేదు. డెన్మార్కులో తాగే నీళ్లు దాదాపు అన్నీ భూగర్భ జలాలే. వాటిని గాలి తగిలించి, ఇసుకలో వడకట్టి ఇళ్లకు పంపుతారు. చాలాచోట్ల క్లోరిన్ కూడా కలపరు. అలాంటి దేశంలో డైక్లోబెనిల్ అనే కలుపు సంహారిణి, అది కూడా ఎక్కువగా పొలాల్లో కాదు, ఇంటి ముందరి ఖాళీ జాగాల్లో, బాటల మీద చల్లినది, భూమిలోకి దిగి, విరిగి మరో రసాయనంగా మారి, బావుల్లో తేలింది. 1997లో దాన్ని నిషేధించారు. కాని అది ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నీళ్లలో కనిపిస్తూనే వచ్చింది, ఎన్నో బావులు మూసేశారు. ఐరోపాలో తాగునీటి హద్దు ఒక్కొక్క పురుగుమందుకు లీటరుకు 0.1 మైక్రోగ్రాము. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. 2013లో డెన్మార్కు వాళ్లు పన్ను పద్ధతి కూడా మార్చారు. మనిషికీ ప్రకృతికీ ఏ రసాయనం ఎంత ఎక్కువ హాని చేస్తే దాని మీద అంత ఎక్కువ పన్ను.

మరి మనం దాన్ని ఏమంటాం? ‘మందు’ అంటాం.

జ్వరానికి వేసేదీ మందే. ప్రత్తికి కొట్టేదీ మందే. సాయంత్రం దుకాణంలో తాగేదీ మందే. తుపాకీలో దట్టించేదీ మందే. మొగుడికి ‘మందు పెట్టింది’ అని ఎవరినైనా ఆడిపోసుకుంటే అదీ మందే. ఊళ్లో ఎవరో వచ్చి ‘ఫలానావాడు మందు తాగాడు’ అని చెబితే వినేవాళ్లు ఒక్క క్షణం ఆగి అతని గొంతు ఎలా ఉందో చూస్తారు. గొంతును బట్టి నవ్వాలో, పరుగెత్తాలో తెలుస్తుంది. 1997–98లో వరంగల్ ప్రాంతంలో లద్దెపురుగు ప్రత్తిని ఊడ్చిపెట్టి, అప్పులు మిగిలి, రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు ఆ వార్త ఇంటింటికీ చేరింది ఈ మాటతోనే. వైద్యానికి వాడే మాటతో.

మందు అన్న మాటకు నేను శత్రువును కాను. గ్రీకులో ‘ఫార్మకాన్’ అన్నా మందూ విషమూ రెండూనట. మన ఫార్మసీ దాని వంశమే. ఇంగ్లీషు ‘పాయిజన్’ కూడా లాటిన్‌లో తాగేది అన్న అర్థం నుంచి వచ్చిందే. మోతాదును బట్టే విషమవుతుందని పదహారో శతాబ్దంలో పారాసెల్సస్ చెప్పిన సంగతి రసాయనశాస్త్రం చదివేవాళ్లకు తెలిసిందే. చిక్కంతా ఆ మోతాదు దగ్గరే. పురుగుమందు డబ్బా మీద డైమండు ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అత్యంత విషం. ప్రయోగానికి పెట్టిన జంతువుల్లో సగం చావడానికి శరీరం బరువు కిలోకు 1 నుంచి 50 మిల్లీగ్రాములు నోటిద్వారా పోతే చాలు. పసుపైతే 51 నుంచి 500. తర్వాత నీలం, ఆకుపచ్చ. ఎరుపు డబ్బా మీద పుర్రె బొమ్మతో విషమనే అచ్చు వేస్తారు. కంపెనీవాడు కూడా చట్టానికి భయపడి డబ్బా మీద నిజమే రాస్తున్నాడు. ఆ నిజం డబ్బా మీది నుంచి దుకాణంవాడి నోటికి వచ్చేసరికి ‘మంచి మందండీ, బాగా పనిచేస్తుంది’ అయిపోతుంది. పొలానికి వచ్చేసరికి మూత లెక్క అవుతుంది. లీటరుకు ఇన్ని మిల్లీలీటర్లని డబ్బా మీద ఉంటే, ట్యాంకుకు రెండు మూతలు, పురుగు బాగా ఉంటే ఇంకో మూత. మందంటే అంతే గదా, జబ్బు ముదిరితే ఎక్కువ వెయ్యాలి! మాస్కు లేకుండా, చొక్కా విప్పి, గాలికి ఎదురుగా కొడతారు. మందే గదా, మనకేం చేస్తుంది!

అందుకని నా అభిప్రాయం ఒకటే. వ్యవసాయ శాఖ కరపత్రంలో, రేడియోలో, దుకాణం బోర్డు మీద, వ్యవసాయ కళాశాలల తెలుగు పాఠాల్లో దీన్ని ‘పిచికారీ విషం’ అనే రాయాలి. పేరు మారిస్తే పురుగు చావకుండా పోతుందా? అలాగే చస్తుంది. కొట్టడం రేపే మానేయమని కూడా నేను అనడం లేదు. మా ఇంటి ప్రత్తీ, మిరపా దాని మీదే ఆధారపడి ఉన్నాయని నాకు తెలుసు. నేను చెప్పేదల్లా విషమని తెలిసినవాడు దాన్ని మూతతో కొలవడు, ఖాళీ డబ్బాలో మంచినీళ్లు పట్టడు అని.

ఈ మాట పండక్కి ఇంటికెళ్లినప్పుడు మా నాన్నతో అన్నాను. ఆయన బీడీ ఆర్పి, ‘విషం కొట్టానని చెబితే మన మిరపకాయలు ఎవడు కొంటాడ్రా?’ అన్నాడు. నా చదువుకంటే బరువైన ప్రశ్న అది. డెన్మార్కులో కొనేవాడు విషమన్న మాట చదివే కొంటాడు. అక్కర్లేదనుకుంటే విషం లేనిదని ప్రభుత్వం ఎర్ర ముద్ర వేసిన సరుకు కొంచెం ఎక్కువ డబ్బిచ్చి కొంటాడు. తినే తిండిలో అలాంటి సరుకు వాటా ఎక్కువగా ఉన్న దేశాల్లో అది ముందు వరుసలో ఉంది. కాబట్టి అక్కడి రైతుకు విషం మానితే దక్కేది ఒకటుంది. మన యార్డులో విషం తక్కువ కొట్టిన కాయకూ, ఎక్కువ కొట్టిన కాయకూ ఒకటే రేటు. రంగు చూస్తారు, తాలు చూస్తారు, తేమ చూస్తారు. అది ఎవరూ చూడరు. ఆ సంగతి నాన్నతో ఒప్పుకుని, ఇంట్లో వరకైనా మాట మారుద్దామన్నాను. పశువుల కొట్టంలో ఆ డబ్బాలు పెట్టే అలమర తలుపు మీద సుద్దముక్కతో ‘విషం’ అని పెద్ద అక్షరాలు రాశాను. నాన్న చూసి ఏమీ అనలేదు. అమ్మ మాత్రం, శుభమా అని పండగపూట ఆ మాటేమిటి, చెరిపి మందులని రాయమంది.